మూడో తరగతి బల్ల మీద మా చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయిందన్న కబురు పోయిన నెల ఒక ఆదివారం వచ్చింది. నేను ప్రార్థన ముగించుకొని ఇంటికి వస్తుంటే, చిన్నమ్మ వాళ్ల ఊరు పెద్దారవీడు నుంచి నడిచి వచ్చిన మనిషి దారిలోనే ఆపి చెప్పాడు. జ్వరం తగిలిందట. ఎవరినీ పెద్దగా శ్రమ పెట్టకుండా వెళ్లిపోయిందట. ఏ పనైనా తొందరగా తెమలాలనేది ఆమె స్వభావం. ఇది కూడా అట్లే తెమిల్చింది. నాకు మాత్రం ఇంకా తెమలలేదు.

చిన్నమ్మ కూతుర్ని గిద్దలూరు ఇచ్చారు. చేలల్లో పని కాస్త సడలితే చాలు, చిన్నమ్మా చిన్నాయనా ముందురోజే మార్కాపురం వచ్చి మా ఇంట్లో పడుకొని, మరునాడు రైలెక్కేవారు. నేను ఇక్కడ బడిలో పిల్లలకు చదువు చెప్తాను. సెలవుంటే నన్నూ లాక్కుపోయేది. స్టేషను ఊరికి అంత దూరంలో కట్టారేమిటని ఇక్కడ అందరూ తిట్టుకుంటారు. చిన్నమ్మ ఒప్పుకునేది కాదు. "దూరముంటేనే మేలు పాపా. రైలుకు పోతాండామని దోవ పొడుగునా అందరికీ తెలుస్తాది" అనేది.

రైలు గురించి ఆమెకు లేని అభిప్రాయం లేదు. బొగ్గు నలుసులు కంట్లో పడతాయి కాబట్టి ఇంజను వైపు వీపు పెట్టి కూర్చోవాలి. కిటికీలోంచి ఉమ్మేవాడి వెనక పెట్టెలో ఎక్కకూడదు. గార్డు ముఖం చూస్తే బండి ఆలస్యమవుతుందో లేదో తెలిసిపోతుంది. ఈ చివరిది ఎక్కువసార్లు తప్పేది, అయినా మానలేదు. కంభం వచ్చేదాకా సద్దిమూట విప్పేది కాదు. విప్పాక జొన్నరొట్టె తుంచి చుట్టూ ఉన్నవాళ్లందరికీ తలా ఒక ముక్క ఇవ్వబోయేది. మా చేతి కూడు తిననివాళ్లెవరో ముఖం చూస్తేనే తెలుస్తుంది కదా, వాళ్లకెందుకు ఇవ్వబోవడమని ఒకసారి విసుక్కున్నాను. "వద్దనేది వాళ్ల పని. పెట్టేది మన పని" అని రొట్టె నమిలింది.

చిన్నాయన సంగతి వేరు. వాళ్లిద్దరూ పెద్దారవీడులో పెద్దరైతు చేలల్లో కూలికి పోయేవారు. ఆ రైతు వాకిట్లోకి మావాళ్లు చెప్పులతో పోరు. చిన్నాయన మొదటిసారి రైలెక్కేటప్పుడు ఆ అలవాటుకొద్దీ చెప్పులు విడిచి, ప్లాట్‌ఫారం మీద ఒద్దికగా పక్కపక్కన పెట్టి, వట్టికాళ్లతో పెట్టెలోకి వచ్చాడు. బండి కదిలాక గాని ఆయనకు తెలియలేదు. చిన్నమ్మ తర్లుపాడు దాకా నవ్వుతూనే ఉంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకొని, "ఇది ఎవరిల్లూ కాదయ్యా" అన్నది. ఆ మాట మాత్రం నవ్వుతూ అనలేదు.

బల్లలు ఖాళీగా ఉన్నా ఆయన తలుపు దగ్గర కింద కూర్చునేవాడు. ప్రతి ప్రయాణంలోనూ ఇదే తగువు.

"పైన కూసోరాదా?"

"నాకిట్లనే బాగుండాది. గాలి బాగొస్తాది."

"గాలి కిటికీ కాడ గదయ్యా వచ్చేది!"

ఆయన తలపాగా సర్దుకొని బయటికి చూసేవాడు. ఆమె ఆయనకని తన పక్కన కాస్త జాగా వదిలి కూర్చునేది. ఎవరైనా అక్కడ కూర్చోబోతే, "మా ఆయన వస్తాడు" అనేది. ఆయన మూడు బారల దూరంలో కిందనే ఉండేవాడు.

ఒకసారి మా పెట్టెలోకే ఆ పెద్దరైతు ఎక్కాడు. చిన్నాయన కింద నుంచి కూడా లేచి నిలబడ్డాడు. నేనూ లేవబోయాను. చిన్నమ్మ నా చేయి పట్టుకొని ఆపింది.

పెద్దరైతు ఆమెను చూసి, "ఏమే, నీ మొగుడు నిలబడినాడు, నువ్వు బల్ల మీద కూసున్నావే?" అన్నాడు.

"మీ చేలో అయితే గట్టు మీదనే గదా సామీ కూసునేది. ఇది కుంపిణీ బండి" అని చిన్నమ్మ ఎంతో మర్యాదగా చెప్పింది.

పెట్టెలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దరైతు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. గిద్దలూరులో దిగాక చిన్నాయన ఆమెతో మాట్లాడలేదు. ఆయన భయం ఒట్టిది కాదు. తిరిగి వెళ్లాక చాలా రోజులు వాళ్లకు పనికి పిలుపు రాలేదు. వేరుశెనగ పీకే మనుషులు చాలక మళ్లీ పిలిచారు. ఆ రోజుల్లో ఏం తిన్నారో నాకు చెప్పలేదు. తరువాతి ప్రయాణంలోనూ చిన్నమ్మ బల్ల మీదే కూర్చుంది, పక్కన జాగా వదిలింది. ఆయన కిందనే కూర్చున్నాడు.

ఇవాళ నేను ఎక్కడికి పోయినా ఖాళీగా ఉన్న చోట ఎవరినీ అడగకుండా కూర్చుంటాను. చదువు నాకు ఉద్యోగం ఇచ్చింది. ఇది మాత్రం చిన్నమ్మ ఇచ్చింది.

బాలింత కాబట్టి కూతురు చిన్నమ్మను మట్టి చేసేనాటికి రాలేకపోయింది. ఆమెను చూసి రావడానికి చిన్నాయనా నేనూ మొన్న గిద్దలూరు బండెక్కాము. ఆయన తలుపు దగ్గర కాసేపు నిలబడి ఆ నేల వంక చూశాడు. తరువాత వచ్చి బల్ల మీద, నాకెదురుగా కూర్చున్నాడు. పలకరిస్తే లేచిపోతాడేమోనని నాకు భయం.

బండి కదలబోతుండగా పెద్దరైతు ఆయాసపడుతూ ఎక్కాడు. ఆయనా ముసలివాడయ్యాడు. పెట్టె నిండిపోయింది. చిన్నాయన రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించాడు. ఇక లేస్తాడనుకొని నేను కళ్లు దించుకున్నాను. ఆయన లేవలేదు. కిటికీ వైపు కాస్త జరిగాడు.

"ఇట్ల కూసోండి సామీ. జాగా ఉండాది."

పెద్దరైతు అటూ ఇటూ చూశాడు. పైకండువా ఒళ్లోకి లాక్కొని కూర్చున్నాడు. కాసేపటికి, "మంచి మనిషిరా ఆమె" అన్నాడు. చిన్నాయన తలూపాడు. బండి కుదిపినప్పుడల్లా ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి. ఎవరూ పక్కకు జరగలేదు.