మాల కింద మెడ

నంద్యాలలో మా ఫొటో అంగడి బోర్డు మీద "పాత ఫొటోలు పునరుద్ధరించబడును" అని ఉంటుంది. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు ఆ మాట చూడకుండా రాయడం ఇప్పటికీ రాదు. రాయించిన అయ్యవారిని అర్థం అడిగితే, "పడిపోయినదాన్ని లేపి మునుపటిలా నిలబెట్టడంరా" అన్నాడు.

"అయితే సార్, సారా అంగడి ముందర మా మామను దినామూ పునరుద్ధరిస్తాండా."

"గుళ్లకూ చెరువులకూ వాడతార్రా ఆ మాట. మీ మామకు కాదు."

ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి ఒకామె వచ్చింది. శిల్పాలు చెక్కే ఆమె భర్త పదేళ్ల కింద అహోబిలం పోయొస్తానని పోయి, తిరిగి రాలేదు. ఏటా అక్కడి జీపుల దగ్గర ఆయన ఫొటో చూపించి అడుగుతుందట. ఉన్నది ఆ ఒక్క ఫొటోనే. ఈసారి పెట్టె తెరిస్తే సగం ముఖమూ, మెడా చెదలు తినేశాయి.

మా పనిలో బాగున్న సగాన్ని కంప్యూటర్లో తిప్పి, పోయిన సగానికి అతికిస్తాం. మెడ లేకపోతే మాల వేసి కప్పేస్తాం. మా దగ్గరికొచ్చే పాత ఫొటోలన్నీ చనిపోయినోళ్లవి, గోడకెక్కేవే కాబట్టి ఎవరూ ఏమీ అనరు. చేతి అలవాటున ఆయనకూ వేసేశాను.

చూడటానికి వచ్చిన ఆమె దిగ్గున లేచింది.

"ఏందన్నా ఇది! మాలేసిన మనిషిని ఎవురు వెతుకుతారు?"

"తప్పైందక్కా. పూలు వాడకముందే తీసేస్తా లే."

తీశాను. మెడ నేను చేయనేలేదు. తెర మీద నల్లటి చీకట్లో తల ఒక్కటే నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది. నా నోట్లో జోకులు ఎండిపోయాయి.

ఆమె భయపడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"చొక్కాకు పై గుండీ ఉండదు. తెగిపోయింటే నేనే కుట్టియ్యలేదు. ఆ కుడికన్ను ఆయనది కాదు. రాతిపెళ్ల తగిలి రెప్ప సగం వాలుంటాది."

ఆమె చెప్పినట్టే మెడ పెట్టాను. గుండీ తీశాను. రెప్ప కొంచెం దించాను. అంతే, ఆ ముఖం నన్ను వదిలేసి ఆమె ఒక్కదాన్నే చూడటం మొదలుపెట్టింది. మిట్టమధ్యాహ్నం నా చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"ఎన్ని కాపీలు తీయాలక్కా?"

ఆమె తెర దగ్గరికి వంగింది.

"పొయ్యేనాడు గడపలో తిరుక్కోని ఇట్లే, కడసారి మాదిరి చూసినాడన్నా. ఆ చూపు మర్సిపోయి, వస్తాడని తిరుగుతాండా ఇన్నేండ్లు." తెర మీది రెప్పను వేలితో తాకింది. "ఒగటే తీయి. మాలెయ్యి."

మాల వేయడం మాకు ఒక్క నొక్కు పని. ఆ పొద్దు నాకు గంట పట్టింది.