రెండూ ఒకే మందేనండీ

మూడేళ్ల కిందట మా ఆయనకు ఛాతీకి ఎడమపక్కన సర్పి లేచింది. పొక్కులు రెండు వారాల్లో మాడిపోయాయి గానీ మంట పోలేదు. చొక్కా తగిలితే నిప్పు తగిలినట్టుందనేవారు. మండవల్లి దగ్గర చేపల చెరువుల్లో పడవ మీద తిరుగుతూ మేత సంచులు కట్టే పని ఆయనది. ఒంటి మీద చొక్కా లేకుండానే పడవ ఎక్కేవారు.

ఏలూరులో నరాల డాక్టరుగారు రోజూ పడుకునే ముందు ఒక కాప్సూల్ రాశారు.

"మత్తుగా ఉంటుందండీ. అలవాటయ్యేదాకా పడవా, బండీ వద్దు. మద్యం ముట్టకూడదు, నిద్రమాత్రలు కలపకూడదు. తగ్గిందని మీ అంతట మీరు ఆపేయకూడదు" అని నావైపు తిరిగి చెప్పారు. మా ఆయన వినే మనిషి కాదని మొహం చూసే పోల్చుకున్నట్టున్నారు.

నెల తిరిగేసరికి మంట సగానికి తగ్గింది. మత్తూ పోయింది. డాక్టరుగారు సరేనన్నాకే మా ఆయన మళ్లీ పడవ ఎక్కారు. కాప్సూళ్లు అయిపోతే చీటీ పట్టుకుని ఊళ్లో మందుల షాపుకు వెళ్లారు.

మర్నాడు పొద్దున పడవలో నిలబడి మేత సంచి కడుతూ తూలి నీళ్లలో పడిపోయారు. పుట్టినప్పటి నుంచీ కొల్లేటి నీళ్లలో ఈదిన మనిషికి చేతులు ఆడలేదు. పక్క చెరువు కాపలాదారు దూకి గట్టుకు లాగాడు. నేను వెళ్లేసరికి మాట ముద్దగా వస్తోంది.

ఆయన్ను ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, మందుల అట్ట తీసి చూశాను. చీటీలో డెబ్బై అయిదు మిల్లీగ్రాములు. అట్ట మీద నూట యాభై. పక్కనే, చీటీలో లేని నిద్రమాత్రలు. రాత్రి రెండూ కలిపి మింగారట. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రెండు అట్టలూ పట్టుకుని షాపుకు వెళ్లాను.

"ఏవండీ, చీటీలో ఎంతుంది, మీరిచ్చింది ఎంత?"

"రెండూ ఒకే మందేనండీ. చిన్నది స్టాకు లేదు."

"ఈ నిద్రమాత్ర ఎవరు రాశారండీ?"

"నిద్ర పట్టడం లేదని మీవారే అన్నారు కదండీ, ఇచ్చాను. మీరు కంగారు పడకండి."

"కంగారు కాదండీ. కోపం. ఆ కాపలాదారు లేకపోతే ఈపాటికి మా ఇంటి ముందు టెంటు వేసేవారు."

షాపాయన చిల్లర సర్దుకుంటూ తల దించుకున్నాడు. క్షమించమని మాత్రం అనలేదు.

ఇంటికొస్తే మా ఆయనది ఇంకో వరస. ఆ మందు ఇక నోట పెట్టనన్నారు. ఎంత చెప్పినా వినలేదు. మూడు రోజులకు చెమటలు, గుండె దడ, నిద్ర లేదు. మంట మళ్లీ మొదటికొచ్చింది. ఆటోలో పడేసి ఏలూరు తీసుకెళ్లాను. "ఆపాల్సి వస్తే మెల్లగా నేను తగ్గిస్తానండీ" అని డాక్టరుగారు మందలించి, పాత మోతాదే మళ్లీ మొదలుపెట్టించారు. తిరిగొచ్చే దారంతా మా ఆయన మందును తిడుతుంటే నేను ఆయన్ను తిట్టాను. నన్నూ తిట్టుకున్నాను. పదో తరగతి చదివిన దాన్ని, అట్ట మీద అంకె చూడటానికి నాకేం రోగం?

డాక్టరుగారు అంచెలంచెలుగా తగ్గించి ఎనిమిది నెలలకు ఆపించారు. ఇప్పుడు చలికాలంలో కాస్త చురుక్కుమంటుంది, అంతే. షాపాయన దారిలో కనిపిస్తే "బాగున్నారాండీ" అంటాడు. మర్యాదకైనా పలకమంటారు మా ఆయన. నేను పలకను.