నాయన అరచేయి

మా నాయన అరచేయి గరుకుగా ఉంటే నాకు సంతోషంగా ఉండేది. ఎవరైనా వింటే పిచ్చిదంటారు.

ధర్మవరంలో మా ఇంట్లో మధ్యాహ్నమంటే మగ్గం చప్పుడు. పైకప్పు అద్దంలోంచి ఎండ దిగి పడుగు మీద పరుచుకునేది. ఆ వెలుగులో పట్టుపోగులు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. నేను గచ్చు మీద పడుకుని నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో తేలుతుండేదాన్ని. పోయినేడు ఆ చప్పుడు ఆగింది. నాయనకు కాలేయ క్యాన్సరని తేలింది.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. కణం లోపల కైనేజులనే ఎంజైములు ఉంటాయట. పెరగమనే కబురును ఒకదాని నుంచి ఒకటి అందుకుని లోపలికి మోస్తాయి. మామూలు కణంలో ఆ కబురు వస్తుంది, ఆగుతుంది. ఈ కణాల్లో ఆగదు. తాను రాసిచ్చే మాత్ర ఆ ఎంజైములను పట్టి ఆపుతుంది. గడ్డ పోదు గానీ, పెరగడం నెమ్మదిస్తుంది.

"జాకార్డులో ఒకే అట్ట చిక్కుకున్నట్లా పాపా? నేసిన పువ్వే మళ్లా మళ్లా నేస్తాందా?" అన్నాడు నాయన నాతో. ఏ పువ్వు నేయాలో మగ్గానికి చెప్పేది పైన తిరిగే ఆ చిల్లుల అట్టలే. తిరుగు బస్సులో కిటికీ బయట ఎర్రటి చేల నిండా నాకు ఆ ఒక్క పువ్వే కనిపించింది.

మాత్రలు మొదలైన మూడో వారానికి ఆయన అరచేతుల్లో పొరలు లేచాయి. ఈ మందుతో అది మామూలేనన్నారు. కానీ గరుకు చేయి తాకితే పట్టుపోగు చిక్కుకుని తెగుతుంది. సగం నేసిన చీర అట్లాగే ఉండిపోయింది. నేను రోజూ ఆ చేతులకు మందు పూసేదాన్ని. నెల తిరక్కుండానే చేతులు నున్నబడ్డాయి, మగ్గం మళ్లీ మోగింది. అంతా నా పూత మహిమేనని వీధంతా చెప్పుకున్నాను.

ఒకరోజు కండెల డబ్బా తెరిస్తే, దారపు కండెల అడుగున ఆయన మింగని మాత్రలన్నీ ఉన్నాయి. కోపం నషాళానికంటింది.

"ఏంటికి నాయనా ఇట్ల చేసినావు?"

"చీర అయిపోనీ, మళ్లా మింగుదాములే అనుకుంటి. ఊరికే కూచుంటే నేనెవరో నాకే తెలీకుండా పోతాండాది పాపా."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. నేనూ ఆయన కూతురినే కదా. "చీర నేను నేస్తా, నువ్వు చెప్పు. మాత్ర మాత్రం మింగాల్సిందే," అని మగ్గం గుంతలో దిగి కూర్చున్నాను. ఆయన ఒక్కరోజులో నేసేది నాకు వారం పట్టేది. నేను తప్పు నేయడం, ఆయన తిట్టడం. పొద్దున్నే ఆయన చేయి నా చెంపకు ఆనించుకునేదాన్ని. గరుకుగా ఉంటే మాత్ర లోపలికి పోతోందన్న మాట. ఆ గరుకే నాకు ధైర్యం.

పోయిన నెల స్కాన్ చూసి డాక్టరమ్మ మాత్ర ఆపేయమంది. ఆ కబురు వేరే దారి వెతుక్కుందట, ఈ మందుకు ఇక ఆగదట. ఇంకో మందును ఆయన ఒళ్లు తట్టుకోదట.

మూడు వారాలకు చేతులు నున్నబడ్డాయి. నిన్న మధ్యాహ్నం నాయన నన్ను మగ్గంలోంచి లేపి తాను కూర్చున్నాడు. నేను ఎప్పటిలా గచ్చు మీద పడుకుని కళ్లు మూసుకుని విన్నాను. కాసేపటికి చప్పుడు ఆగింది.

"సూడు పాపా, ఒక్క పోగు గూడా చేతికి తగులుకోలేదు," అని నవ్వుతూ నా చెంప మీద అరచేయి పెట్టాడు. ఎంత మెత్తగా ఉందో. ఆ చేతిని పట్టుకుని ఏడ్చాను.