ఆఫీసరుకు పెట్టిన కోడికూర

నా చిన్నప్పుడు మా ఊరి మీదుగా మేఘాలు పోయేవే గానీ ఆగేవి కావు. తనకల్లు పక్కన పల్లె మాది. వరసగా వానలు ఎగ్గొట్టి, ఆ ఏడు శెనక్కాయ పంట పూతలోనే మాడిపోయింది. మనుషులం బలుసాకు ఉడకేసుకొని, చింతగింజల పిండి కలుపుకొని ఎలాగో ఈడ్చుకొచ్చాం. గొడ్లకే ఏమీ లేదు. మా నాయన కొట్టం మీద కప్పిన పాత గడ్డిని పీకి ఎద్దులకు వేసేవాడు. మాకున్నవి రెండే ఎద్దులు. అవి బతికి ఉంటేనే వాన పడ్డ రోజున విత్తనం వేసుకోగలం, లేకుంటే ఇల్లంతా కూలికి పోవాల్సిందే. ఆ సంగతి ఇంట్లో అందరికన్నా చిన్నదాన్ని, నాకు కూడా తెలుసు.

అలాంటప్పుడు సర్కారు కరువు పల్లెలకు ఊరికే గడ్డి ఇస్తోందని తెలిసింది. మా ఎమ్మెల్యే ఆఫీసులో చెప్పుకుంటే వాళ్లు అర్జీ రాసి తాలూకాకు పంపుతారు, అక్కడినుంచి ఒక ఆఫీసరు వచ్చి ఊరు చూసిపోతాడు, ఆయన అవునంటే గడ్డి లారీ వస్తుంది. మా నాయన, ఇంకో ఇద్దరు పెద్దలు పోయి చెప్పుకొచ్చారు. ఆఫీసరు ఫలానా రోజు వస్తాడని కబురు కూడా వచ్చింది. ఇంతవరకూ అంతా సక్రమంగానే జరిగింది. చెడగొట్టింది మేమే.

ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆఫీసరు వస్తున్నాడనగానే ఊరికి కరువు సంగతే మరుపొచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి అంబలి పోస్తామా, ఊరి పరువేం కావాలి అన్నారు. కూడుకు లేని ఊరని పేరు పడితే మన మగపిల్లలకు ఆడపిల్లను ఎవరిస్తారన్నారు. మా అరుగు పెద్దదని భోజనం మా ఇంట్లోనే. శెట్టి అంగట్లో వరి బియ్యం అప్పు తెచ్చారు. ఊళ్లో మిగిలిన ఒక్క పుంజునూ కోశారు. ఆఖరికి ఎద్దులను కూడా కడిగి, మెడలో గంటలు కట్టి నిలబెట్టారు. కడగడానికి నీళ్లు ఎంత దూరం నుంచి మోశామో మా అమ్మకూ నాకూ తెలుసు.

మా అవ్వ ఒక్కతే వద్దంది. మా నాయనను కన్న తల్లి ఆమె. "ఆకలి అని చెప్పుకోను సిగ్గేందిరా? మనమేమన్నా దొంగతనం చేసినామా?" అని అరిచింది. ముసలిదాని మాట ఎవరు వింటారు?

ఆఫీసరు వచ్చాడు, తృప్తిగా తిన్నాడు, మా అరుగు మీదే ఓ కునుకు తీశాడు, వెళ్లిపోయాడు. మేం పిల్లలం ఆ కూర వాసన పీలుస్తూ గడప దగ్గర కూర్చున్నాం. ఆయన తిన్నాక మిగల్లేదు.

పక్క ఊరికి గడ్డి లారీ వచ్చింది. మాకు రాలేదు. మా నాయన మళ్లీ ఎమ్మెల్యే ఆఫీసుకు పోతే, ఆయన లేడట, గుమాస్తా ఉన్నాడట. "ఏమప్పా, కోడికూరా వరికూడూ తినేటోళ్లకు సర్కారు గడ్డి యాల?" అన్నాడట. అక్కడున్న నలుగురూ నవ్వారట. మరుసటి రోజు ఎద్దుల్లో పెద్దది పడుకుంది. లేపితే లేవలేదు.

రాత్రి మేం తినగా మిగిలిన బలుసాకు ముద్దను పొద్దున్నే ముంతలో పెట్టి, పైన గుడ్డ కట్టి, అవ్వ నన్ను వెంటబెట్టుకొని బయలుదేరింది. ఎమ్మెల్యే ఆఫీసంటే ఆయన ఇంటి ముందుగదే. ఆ రోజు ఆయనే ఉన్నాడు. చుట్టూ జనం, ఎవరి అర్జీ వాళ్లది. గుమాస్తా అడ్డం వస్తే అవ్వ అతన్ని చేత్తో పక్కకు నెట్టింది. ముంత తీసుకెళ్లి నేరుగా ఎమ్మెల్యే ముందు బల్ల మీద పెట్టింది.

"నాయనా, ఆ దినం ఆఫీసరు తినిపోయింది మేం ఆయనకు పెట్టిన కూడు. మేం తినే కూడు ఇదీ. నువ్వూ ఒక ముద్ద తిని చూడు" అంది.

ఆయన గుడ్డ విప్పి చూశాడు. వేళ్లతో కాస్త తీసుకొని నోట్లో పెట్టుకున్నాడు. వగరుకు ముఖం ముడుచుకుపోయింది, అయినా ఉమ్మలేదు, మింగాడు.

"అది కాదమ్మా, ఓట్లప్పుడు నేనొస్తే నాకూ కోడికూరే పెట్టినారు కదా మీ ఊర్లో" అన్నాడు మెల్లగా.

"అప్పుడూ తప్పే చేసినాం" అంది అవ్వ.

ఆయన గుమాస్తాను కసిరి, అక్కడే అర్జీ తిరిగి రాయించాడు. తన జీపులో మమ్మల్ని ఎక్కించుకొని తాలూకా ఆఫీసుకు పోయి, ఆ ఆఫీసరునే వెంటబెట్టుకొని, కబురు లేకుండా మా ఊళ్లో దిగాడు. ఈసారి ఎవరికీ ఏదీ దాచే వ్యవధి దొరకలేదు. పొయ్యిల మీది కుండలు, బోసిపోయిన కొట్టాలు, లేవలేని ఎద్దు, అన్నీ చూశారు. వారం తిరగకముందే గడ్డి లారీ వచ్చింది. మా ఒక్క ఊరికే కాదు, ఆ చుట్టుపక్కల అడగలేక ఊరుకున్న పల్లెలకు కూడా ఎమ్మెల్యే ఆఫీసు వాళ్లే ఊరూరూ తిరిగి ఇప్పించారు. ఆ మేలు నేను మరచిపోలేదు.

కానీ లారీ వచ్చే ముందురోజే పెద్ద ఎద్దు చచ్చిపోయింది. నాయన దాని తల ఒళ్లో పెట్టుకొని ఏడుస్తుంటే అవ్వ ఓదార్చలేదు. "ఆ దినం ఆఫీసరుకు మనం కోసి పెట్టింది కోడిని కాదురా, ఈ ఎద్దును" అంది. కన్నకొడుకుతో ఆ మాటా అనేది అని ఊరంతా ఆమెను తిట్టింది. నేను మాత్రం తిట్టలేదు. నాకు ఆ ఊరి మీదే కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు.

ఇప్పుడు మా ఇంటికి ఏ ఆఫీసరు చూడ్డానికొచ్చినా ముందు వంటింట్లోకి పిలుస్తాను. ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు చూపిస్తాను. మంచినీళ్లు ఆ తర్వాతే. నా మనవడు, "అవ్వా, పరువు పోతాది" అని గొణుగుతాడు. పోనీ. పోయిన పరువు ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తుంది. మా ఎద్దు రాలేదు.