ప్రాసెసర్‌కు బొట్టు పెట్టింది నేనే

నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుంది. కాగితం మీద రాసి ఫోటో పెడదామనుకుని మానుకున్నాను. ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తున్నాను. ఊళ్లో ఏడో తరగతితో ఆగిన చదువు. తప్పులుంటే మన్నించండి.

నిన్న పొద్దున చాయ్ తాగుతుంటే ఫోన్ వచ్చింది.

బాల్‌రాజ్ తమ్ముడు. "అన్న లేడు" అన్నాడు.

షాప్‌లో లేడేమో అనుకున్నాను. "ఇంటికి పొయ్యిండా?" అని అడిగాను.

అటు నుంచి ఏడుపు వినపడింది.

రెజిమెంటల్ బజార్‌లో కంప్యూటర్లు రిపేర్ చేసే బాల్‌రాజ్ మన ఈ కంప్యూటర్ల గ్రూప్‌లో అందరికీ తెలుసు. నాకు మాత్రం ఊరి బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. వాడు రేడియోలు విప్పడం నేర్చుకుని సికింద్రాబాద్ వచ్చాడు. నేను బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయల లారీ తోలుతూ వచ్చాను.

మోకాలు పోయి లారీ దిగాక ఇంట్లోంచి బయటికి రావడం తగ్గించాను. నలుగురిలో ఏం మాట్లాడాలో నాకు తెలియదు.

అప్పుడు వాడే పాత సామాను ఏరి ఒక కంప్యూటర్ తయారుచేసి తెచ్చాడు. అందులో లారీ తోలే గేమ్ వేశాడు. ఎవరో వదిలేసిన స్టీరింగ్ కూడా బాగుచేసి పెట్టాడు.

"తోలుకో నర్సిగా. డీజిల్ ఖర్చు లేదు, చలాన్ లేదు, మోకాలుతోని పని లేదు."

నవ్వకండి. నాకు పొద్దు గడిచేది దానితోనే.

హైవే మీద బాగానే పోయేది. ఊరు రాగానే, నాలుగు బండ్లు కనపడగానే, గేమ్ ఆగి ఆగి నడిచేది. నేను బ్రేక్ కొట్టేలోపు ముందు బండిని గుద్దేది.

వేరే షాప్‌లో అడిగితే బోర్డు, మెమరీ అన్నీ కొత్తవి వేయాలన్నారు. నా దగ్గర అంత ఎక్కడిది?

బాల్‌రాజ్ విప్పి చూశాడు. "బండి మంచిగనే ఉందిరా. ఇంజన్ ఒక్కటే చిన్నది. గిదే బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ కూసుంటది. సెకండ్ హ్యాండ్‌ల దొరికేదాక జెర ఆగు."

రెండు నెలలు వెతికాడు. దొరికింది. పాత ప్రాసెసర్ అమ్మి, దాని డబ్బు ఇందులో కలిపాడు. కొత్తదాన్ని బోర్డు గుర్తుపట్టాలంటే ఏదో అప్‌డేట్ చేయాలని పొద్దంతా కూర్చున్నాడు. అన్నీ బిగించి ఆన్ చేశాడు.

"ఇగ ఎంత పెద్ద సిటీలనన్న తిప్పుకో, పో."

నిజమే. ఊరొచ్చినా బండి ఆగలేదు.

తర్వాత దసరా వచ్చింది.

ముప్పై ఏళ్లు దసరాకు లారీ కడిగి పూజ చేసినవాణ్ణి. ఇప్పుడు నా బండి ఇదే కదా అనుకున్నాను. పక్క డోర్ విప్పి దుమ్ము తుడిచాను. ఫ్యాన్ కూడా విప్పాను. కింద ప్రాసెసర్ మీద బూడిద రంగు జిడ్డు. పాత గ్రీజు అనుకున్నాను. లారీకైతే పాత గ్రీజు ఉంచం. గుడ్డతో మెరిసేదాకా తుడిచాను. కుంకుమ బొట్టు పెట్టాను. దండం పెట్టుకుని ఫ్యాన్ బిగించేశాను.

ఆ జిడ్డే ప్రాసెసర్ వేడిని పైకి లాగే పేస్ట్ అని నాకు తెలియదు.

మర్నాడు ఆన్ చేస్తే అయిదు నిమిషాలకే ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేశాను. మళ్లీ ఆగింది.

కోపం వచ్చింది. వాడికి ఫోన్ చేయలేదు. ఎదురుగా అడగడం నాకు చేతకాదు. ఈ గ్రూప్‌లో రాశాను.

"బాల్‌రాజ్ షాప్‌ల పాత సామాను కొనకుండ్రి. నాకు ఖరాబ్ ప్రాసెసర్ అంటగట్టిండు."

మీలో కొందరు అయ్యో అన్నారు. కొందరు ఇక ఆ షాప్ గడప తొక్కం అన్నారు. తొక్కలేదు కూడా.

కింద బాల్‌రాజ్ ఒక్క లైన్ రాశాడు. "తప్పు నాదే. తీస్కరా, చేసిస్త."

తీసుకుపోయాను. ఫ్యాన్ విప్పాడు. చూశాడు. నాకు కనపడకుండా వీపు తిప్పి ప్రాసెసర్ తుడిచాడు. తర్వాత ట్యూబ్‌లోంచి శనగగింజంత పేస్ట్ వేశాడు.

అదే బూడిద రంగు.

నాకు అర్థమైంది. చెప్పాలి. చెప్పలేకపోయాను.

"పేస్ట్ ఎండిందిరా, గంతే" అన్నాడు. చాయ్ తెప్పించాడు. తాగి వచ్చేశాను.

రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకున్నాను. ఇంకో దసరా కూడా వచ్చి పోయింది. గ్రూప్‌లో రాద్దామని ఎన్నిసార్లు మొదలుపెట్టి చెరిపానో.

నిన్న సాయంత్రం బన్సీలాల్‌పేట్ శ్మశానం నుంచి వచ్చాక, వాడి భార్య దగ్గర కూర్చుని చెప్పాను. "చెల్లె, ఆ ప్రాసెసర్ ఖరాబ్ కాలే. నేనే..."

ఏడుస్తూనే నవ్వింది. "నాకెరుకే అన్నా. నర్సిగాడు ప్రాసెసర్‌ను పెండ్లికొడుకును జేసిండని ఎన్నిసార్లు నవ్విండో!"

"మరి గ్రూప్‌ల ఎందుకు చెప్పలే?"

"నేను సుత గదే అడిగిన. 'వాడు జిందగీల ఒక్కపారి నోరు తెరిచి రాసిండు. గది తప్పని నలుగుట్ల అంటే, ఇగ మళ్ల ఎవ్వల్తోని మాట్లాడడు' అన్నడు."

ఇది ఈ గ్రూప్‌లో నా రెండో పోస్ట్.

ఆ ప్రాసెసర్ మంచిది. ఇప్పటికీ నడుస్తోంది. బాల్‌రాజ్ నాకు ఖరాబ్ సామాను ఇవ్వలేదు. బొట్టు పెట్టింది నేనే.

ఇది వాడు ఉన్నప్పుడు రాయాల్సింది.

పోయిరా బాల్‌రాజ్. ఎక్కడున్నా నీ ఆత్మ చల్లగా ఉండాలి.

ఆ మొదటి పోస్ట్ చదివినవాళ్లు, ఇది కూడా చదివామని కింద ఒక్క మాట రాయండి. చెల్లెకు చదవడం రాదు. పక్కన కూర్చుని నేనే చదివి వినిపిస్తాను. జర తొందరగా రాయండి. ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నాను.