పూజగదిలో హత్య

చొక్కా జేబులో రెండు పెన్నులతో సారం అనే తమిళ పేట వీధుల్లో తిరిగే త్యాగరాజన్ పద్యాలు, నాటకాలు, వంటల పుస్తకం, హత్యల నవల, అన్నీ తెలుగులోనే డీటీపీ చేయించి అచ్చువేశాడు. వీధిలో సగంమంది తెలుగు మాట్లాడేవాళ్ళే. చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. అయినా ఏ గృహప్రవేశానికి వెళ్ళినా ఓ పుస్తకం చేతిలో పెట్టి, ఏమైనా అంటారేమోనని కండువా సర్దుకుంటూ కాసేపు నిలబడతాడు. ఓ శుక్రవారం ఎదురింటి ధనభాగ్యం అత్త పూజకు పిలిచింది. పటాల మధ్య అతని హత్యల నవల పసుపు కుంకుమలతో వెలిగిపోతోంది.

“తెలుగక్షరాలు గదా, సామి పుస్తకమే అనుకొంటి. యాడైనా ఒక పేజీ చదవప్పా,” అంది.

కాదనలేక, చెమటలు కక్కుతూ, స్తోత్రంలా రాగం తీశాడు. రెండో పేరాలో శవం దొరికింది. మోగుతున్న పూజగంట ఆగిపోయింది. వెలిగించబోయిన కర్పూరాన్ని అత్త పక్కన పెట్టేసింది.

“హారతికేం తొందర. ముందు చంపినోడు ఎవురో తేలనీ.”