ఉన్ని కొట్టే ఆవిడా, మా సంఘమూ

సినిమా అంటే మావాళ్ళు ప్రాణం పెడతారని ఒక పరాయి దేశపు మనిషి ముందు గొప్పలు పోయింది నేనే. కాబట్టి ఆ తర్వాత జరిగినదానికి ఇంకొకళ్ళని తిట్టే హక్కు నాకు పూర్తిగా లేదు. అయినా తిడతాను.

ఆవిడది ఆర్మేనియా. ఈ ద్వీపంలో మేముండే ఆంగ్ మో కియో పేటలో, మా బ్లాకులోనే, మాకు రెండంతస్తుల కింద అద్దెకుంటుంది. భర్త చాంగీ బిజినెస్ పార్క్‌లో, మా ఆఫీసులోనే పనిచేస్తాడు. ఒకరోజు లిఫ్టులో నా చేతిలోని స్టీలు గిన్నె వైపు చూసి, అది ఇంట్లో తోడుపెట్టిన పెరుగేనా అని అడిగింది. ఔనన్నాను. కొన్న పెరుగుతో తోడు వేస్తే ఇక్కడ జిగురుగా సాగుతోందని, రెండు చెంచాలు ఇవ్వమని మొహమాటం లేకుండా అడిగింది. మొహమాటం లేని మనుషులంటే నాకు ఇష్టం. అప్పట్నుంచి వారానికి రెండుసార్లయినా పోట్లాడుకునేటంత స్నేహితులమయ్యాం.

ఆవిడ డాక్యుమెంటరీలు తీస్తుంది. అంతకుముందు తీసినవి రెండూ ఇంట్లో హార్డ్ డిస్కులో పడి ఉన్నాయి. మూడోది పూర్తిచేస్తూ ఉండగా భర్త ఉద్యోగంతో ఇక్కడికి రావలసివచ్చింది. మిగిలిన ఎడిటింగ్ అంతా మా కింది ఫ్లాట్‌లో, డైనింగ్ టేబుల్ మీదే జరిగింది.

ఆ సినిమా వాళ్ళ దేశంలో ఉత్తరాన ఉన్న ఒక చలి ఊళ్ళో, ఒక పాత అపార్ట్‌మెంటు గురించి. ఏటా వేసవిలో అక్కడి ఆడవాళ్ళు పరుపుల్లోని, రజాయిల్లోని ఉన్ని అంతా విప్పి బయటికి తీస్తారు. ఉతికి, కింద ఉమ్మడి స్థలంలో ఎండేసి, సన్నటి కర్రతో కొట్టి కొట్టి మెత్తగా చేసి మళ్ళీ నింపుకుంటారు. మన దూదేకడం లాంటిదే. ఆ స్థలం తమకి పార్కింగుకి కావాలని కార్లున్నవాళ్ళు పట్టుబడతారు. మీటింగులు, కేకలు, ఎవరి దండెం మీద ఎవరి దుప్పటి అన్న పంచాయితీలు. చివరికి చెరి సగం అని ఒప్పందం అవుతుంది. ఆ తర్వాత పదకొండు నిమిషాలపాటు ఒకావిడ నేలమీద కూర్చుని ఉన్ని కొడుతుంది. మాట లేదు, సంగీతం లేదు. కొట్టడం పూర్తవుతుంది, సినిమా కూడా అక్కడే అయిపోతుంది.

సినిమా తీసిన ఆవిడ ప్రాణమంతా ఆ పదకొండు నిమిషాల్లోనే ఉంది. పేచీ కూడా అక్కడే వచ్చింది. వాళ్ళ డాక్యుమెంటరీలకి చేయూతనిచ్చి, బయటిదేశాల ఉత్సవాలకి పంపించే సంస్థ ఒకటి వాళ్ళ రాజధాని యెరెవాన్‌లో ఉంది. దాని జాబితాలోకి ఎక్కకపోతే బయట ఆ సినిమా మొహం చూసేవాడుండడు. అన్నీ బావున్నాయి గానీ చివర రెండు నిమిషాలు చాలు, విదేశీయులు అంతసేపు కూర్చోరు అన్నారట వాళ్ళు. ఈవిడ నెలల తరబడి వాదించింది. విసిగిపోయి వాళ్ళే ఒక మాటన్నారు. ఆర్మేనియా గురించి ఏమీ తెలియని మామూలు మనుషులకి మొత్తం చూపించు, వాళ్ళ అభిప్రాయాలు వాళ్ళచేతే రాయించి పంపు, కూర్చున్నారంటే అలాగే ఉంచుదాం, లేదా కత్తిరించు. ఫలానా బుధవారం ఆఖరు గడువు.

నిజం చెప్పాలంటే నేను కూడా కత్తిరించమనే చెప్పాను. అక్కడివరకూ నేను చూడకుండానే చెప్పాను. పదకొండు నిమిషాలు కర్రతో కొట్టడం ఎవరు చూస్తారు, రెండు దెబ్బలు కొడితే అర్థమవుతుంది కదా అన్నాను. ఆవిడ నావైపు జాలిగా చూసింది. ఆ చూపుకి నాకు ఒళ్ళుమండి, మావాళ్ళు మూడుగంటల సినిమాలు నిలబడి చూసిన జాతి, నీకు జనమే కదా కావలసింది, నేను తీసుకొస్తానన్నాను. ఇక్కడి ఫిల్మ్ క్లబ్బుల వాళ్ళు వద్దని ఆవిడ ముందే అనుకుంది. వాళ్ళు పెయింటు ఆరడం చూపించినా కూర్చుంటారట.

ఇక ఇక్కడి మా తెలుగు సంఘం. అధ్యక్షుడు రాఫెల్స్ ప్లేస్‌లో ఏదో బ్యాంకులో పెద్ద ఉద్యోగి. మంచివాడు, అదే అతనితో బాధ. చెడ్డవాడైతే మొదటి రోజే పోట్లాడి వేరే దారి చూసుకునేదాన్ని. ఫోన్ చేసి విషయమంతా చెప్పాను. ఆర్మేనియా పేరుతో ఇక్కడో వీధి ఉందని అతనికి తెలుసు. అంతకుమించి తెలియదు. బాగా పనికొచ్చే ప్రేక్షకుడనుకున్నాను.

“ఉత్త సినిమా అంటే ఎవరొస్తారక్కా? పిల్లల డాన్సు రెండు పెట్టామనుకోండి, పిల్లకి నలుగురు లెక్కన వాళ్ళంతట వాళ్ళే వస్తారు” అన్నాడు.

తర్కంలో తప్పు దొరకలేదు. సరేనన్నాను. నా తప్పులు అక్కడే మొదలయ్యాయి. డాన్సులుంటే దీపం వెలిగించాలి. దీపం ఉంటే ప్రార్థన ఉండాలి. ప్రార్థన పాడిన అమ్మాయికి జ్ఞాపిక ఇవ్వాలి. జ్ఞాపిక ఇవ్వడానికి ముఖ్య అతిథి ఉండాలి. ముఖ్య అతిథి వస్తే నాలుగు మాటలు మాట్లాడకుండా పోడు. నేను పంపిన కార్యక్రమ వివరం ఒక్క వాక్యం. అది తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి రెండు పేజీలయింది. సినిమా రెండో పేజీలో, సమోసాకి ముందు ఉంది.

సినిమా నలుగురిలో ప్రదర్శించడానికి కావలసిన అనుమతి కాగితం కోసం ఆవిడే తిరిగి తెచ్చుకుంది. మావాళ్ళు సమోసాలు తెచ్చారు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి హాలు. ఆరింటికి ఖాళీ చేసి, కుర్చీలు సర్ది తాళం ఇచ్చెయ్యాలి. రెండింటికి హాల్లో ఉన్నది నేను, మా అమ్మాయి, ఆవిడ, ఒక ఆంటీ. ఆంటీ వాళ్ళ కుటుంబం నాలుగు తరాలుగా ఇక్కడే ఉంది. ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటలకి వచ్చాడట. మావాళ్ళ కార్యక్రమాలకి చెప్పిన టైముకి వచ్చేది ఆవిడొక్కతే. మిగతావాళ్ళు మూడింటికి వచ్చారు. వస్తూనే ముందు మూడు వరసలూ టిష్యూ ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు పెట్టి, ఇక్కడివాళ్ళ భాషలో చెప్పాలంటే ‘చోప్’ చేసి, సీట్లు పట్టేసుకున్నారు. డాన్సు పిల్లల తల్లిదండ్రులు. డాన్సు అవగానే ఫోన్లు జేబులో పెట్టుకుని, టిష్యూ ప్యాకెట్లతో సహా వెళ్ళిపోయారు.

సినిమా తీసిన ఆవిడని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆవిడ దాని అంచు వేళ్ళతో నలిపి చూసి నా చెవిలో, “ఇది ఉన్ని కాదు” అంది. మర్యాదకి ఇచ్చారు, ఊరుకో అన్నాను. ముఖ్య అతిథి మాట్లాడుతూ ఆర్మేనియన్ల ఆతిథ్యం గొప్పదన్నాడు. ఎక్కడ తిన్నాడో చెప్పలేదు. నేను మూడుసార్లు గడియారం చూపించాను. మూడుసార్లూ నవ్వి చెయ్యూపాడు.

సినిమా నాలుగున్నరకి మొదలయింది. నిడివి డెబ్భై రెండు నిమిషాలు. హాలు సగం ఖాళీ, అయినా ఓ యాభైమంది ఉంటారు. సంతోషమేమిటంటే చూశారు. పార్కింగు పోట్లాట దగ్గర అందరూ ఫోన్లు దించారు. తెర కింద ఇంగ్లీషులో పడే ఆ తిట్లు చదువుతూ పడిపడి నవ్వారు. నా వెనక కూర్చున్నాయన మా రెసిడెంట్స్ మీటింగు ఇలాగే ఉంటుందని పక్కాయనతో అన్నాడు. ఆవిడ గోడ పక్కన నిలబడి తెరని కాదు, మనుషుల్ని చూస్తోంది.

ఒప్పందం కుదిరింది. కార్లవాళ్ళూ పరుపులవాళ్ళూ చేతులు కలిపారు. ఒకావిడ వచ్చి ఉన్ని ముందు కూర్చుని కర్ర తీసుకుంది. అంతే, హాల్లో లైట్లు వెలిగాయి.

మా అధ్యక్షుడు మైకు పట్టుకుని ఇంత చక్కటి చిత్రం అందించిన సోదరికి కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టాడు. జనం అప్పటికే లేచారు. అసలు అతనికంటే ముందే లేచారు. మావాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య అది. విలన్ పడిపోగానే చెప్పులు వెతుక్కుంటారు. పేర్లు పడేసరికి స్కూటర్ స్టాండు దగ్గర ఉంటారు. తెర మీద ఆవిడ, లైట్ల వెలుతురులో వెలిసిపోయి, ఉన్ని కొడుతూనే ఉంది.

నేను వెళ్ళి మైకు లాక్కున్నాను. సినిమా అవలేదు, కూర్చోండి అన్నాను. అవలేదా, గొడవ తీరిపోయింది కదా అన్నాడు అధ్యక్షుడు, చాలా అమాయకంగా. లైట్లు ఆర్పించాను. సగంమంది అప్పటికే వరండాలో సమోసాల దగ్గర ఉన్నారు. ఉన్నవాళ్ళలో కొందరు కూర్చున్నారు, కొందరు తలుపు దగ్గర చేతిలో ప్లేటుతో నిలబడ్డారు. వెనకనుంచి ఎవరో కుర్చీలు మడవడం మొదలుపెట్టారు, టపా టపా. వాళ్ళని ఆపడానికి వెళ్ళాను. తర్వాత తాళం కోసం వచ్చిన మనిషికి నచ్చచెప్పాను. ఆ తర్వాత అధ్యక్షుడితో వరండాలో తగువు పెట్టుకున్నాను. లోపలికి వచ్చేసరికి తెర నల్లగా ఉంది.

ఆవిడ చీటీలు పంచింది. ఒక్కటే ప్రశ్న. ఎక్కడ లేచి వెళ్ళిపోదామనిపించింది?

ఐదు నిమిషాల్లో చీటీలన్నీ వచ్చాయి. సూపర్. వెరీ నైస్ మూవీ. కంగ్రాట్స్ మేడం. ఆల్ ది బెస్ట్ ఫర్ ఫ్యూచర్. ఒకరు సమోసాల్లో కారం ఎక్కువయిందని రాశారు. ఎక్కడా లేవాలనిపించలేదని, ప్లేటుతో తలుపు దగ్గర నిలబడ్డాయన రాశాడు.

ఆవిడ చీటీలు ఒక్కొక్కటే తిప్పి చూసి బల్లమీద పెట్టింది. ఇవి పంపితే వాళ్ళు నవ్వుతారంది. మా అమ్మాయి మాత్రం ఇక్కడి పిల్లల యాసలో, “అందరూ ఫైవ్ స్టార్ ఇచ్చారు లా అమ్మా. ఇంకేం కావాలి?” అంది.

కావలసింది నిజం. మావాళ్ళు అతిథి చేతికిచ్చే కాగితం మీద నిజం రాయరు. శాలువా కప్పిన చేత్తో తప్పు ఎలా రాస్తారు? నిజమంతా వరండాలో ఉంటుంది, చట్నీ దగ్గర. అది నాకు ముందే తట్టాల్సింది. చీటీలు, పెన్నూ తీసుకుని వరండాలోకి వెళ్ళి, తెలుగులో, ఎక్కడ బోరు కొట్టిందో చెప్పి చావండి అన్నాను.

అప్పుడు చెప్పారు. ఆగకుండా చెప్పారు. మొదట్లో కొండలు ఎక్కువన్నారు. పార్కింగు మీటింగులు మూడు దేనికి, రెండోది మొదటిదే కదా అన్నారు. ఆ మాట తొమ్మిదిమంది అన్నారు, అందులో నవ్వినవాళ్ళూ ఉన్నారు. చివరి కర్ర సంగతి అడిగాను. చూసినవాళ్ళలో ఇద్దరు సాగదీసిందన్నారు. ఒక కుర్రాడు, ఇక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నవాడు, కాసేపటికి ఆ చప్పుడు లెక్కపెట్టడం మొదలుపెట్టానండీ అన్నాడు. నేను చీటీల వెనకవైపు ఇంగ్లీషులో రాసుకుంటూ పోయాను, ఎవరన్నది అన్నట్టుగానే. తగ్గించలేదు, తియ్యగా చెయ్యలేదు.

ఆంటీ హాల్లోనే కూర్చుని ఉంది. ఆవిడ లేవనే లేదు, లైట్లు వెలిగినప్పుడు కూడా. నేను ప్రశ్న అడిగితే విసుక్కుంది.

“ఆ అమ్మ చేతిలో పని ఇంకా అవలా. మధ్యలో ఎట్టా లేస్తారు మా?”

మాట లేకుండా అంతసేపు విసుగనిపించలేదా అన్నాను.

“మాట్లాడితే నోట్లోకి పోద్ది కదా. మా పాటి బూరుగు దూది కొట్టేటప్పుడు మేం నోరు తెరిస్తే వీపు పగిలేది.”

పాటి అంటే వాళ్ళ నాయనమ్మ. ఆ మాట సినిమా తీసిన ఆవిడకి అనువదించి చెప్పాను. ఆవిడ నన్ను మళ్ళీ చెప్పమంది. తను ఆ ఊళ్ళో కెమెరా పెట్టుకుని కూర్చున్నప్పుడు, మాట్లాడమని అడిగితే, ఉన్ని కొట్టే ఆవిడ కూడా సరిగ్గా ఇదే కారణం చెప్పి నోరు మూసుకోమందట. ఆ సంగతి సినిమాలో లేదు. యెరెవాన్ వాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదట కూడా. ఎందుకు చెప్పలేదే మహాతల్లీ అన్నాను. చూస్తే తెలుస్తుందనుకున్నానంది.

మంగళవారం చీటీలన్నీ ఫోటోలు తీసి పంపింది, ముందువైపు పొగడ్తలూ వెనకవైపు నిజాలూ, ఆంటీ మాటతో సహా. తర్వాతి వారం జవాబు వచ్చింది. చివరి పదకొండు నిమిషాలూ అలాగే ఉంచుకోవచ్చు. సినిమా జాబితాలో ఉంటుంది. అయితే తొమ్మిదిమంది ఫిర్యాదు చేశారు కాబట్టి మీటింగుల్లోంచి అయిదు నిమిషాలు తీసెయ్యాలి.

సంతోషంతో గంతులేస్తుందనుకున్నాను. తలుపు తీసి నామీద పడింది. ఆ మీటింగుల కోసం తను రెండు చలికాలాలు ఆ ఊళ్ళో ఉందట. అవన్నీ ఎందుకు రాశావు, చివరి సంగతి ఒక్కటే రాస్తే సరిపోయేది కదా అంది. నిజం కావాలన్నది నువ్వు అన్నాను. అడిగిన ప్రశ్నకి నిజం కావాలన్నాను, అడగనివాటికి కాదు అంది. ప్రశ్న ఎక్కడ లేవాలనిపించింది అని కదా, చివర్లో లేవాలనిపించిందా అని కాదు కదా అన్నాను. వారం రోజులు లిఫ్టులో ఇద్దరం అంతస్తుల నంబర్లు చూసుకుంటూ వెళ్ళాం.

మొన్న శనివారం పొద్దున్న ఆవిడే ఫోన్ చేసి కిందికి రమ్మంది. వెళ్తే డైనింగ్ టేబుల్ ముందు కుర్చీ లాగి, “నువ్వు ఇంతవరకూ చివర చూడలేదు. అందరిచేతా చూపించావు” అంది. నిజమే. కూర్చున్నాను.

ఉన్ని కొట్టే ఆవిడ కర్ర తీసుకుంది. మొదటి నాలుగు నిమిషాలు నాకు తను కూర్చున్న తీరు నచ్చింది. తర్వాత నా మోకాలు నొప్పి గుర్తొచ్చింది. ఏడో నిమిషంలో వంటింట్లో నానబెట్టిన మినపప్పు గుర్తొచ్చింది. ఇక్కడ లేవాలనిపిస్తోంది అని పైకే అన్నాను. ఆవిడ సినిమా ఆపలేదు. ఏడు నిమిషాల పది సెకన్లు అని కాగితం మీద రాసుకుంది. కర్ర దెబ్బ కింద ఉన్ని పొంగుతూ ఉంది, ముద్దలన్నీ విడిపోయి. అయిపోయేవరకూ చూశాను.

తగ్గిస్తావా అని అడిగాను.

“దేనికి? లేవలేదుగా” అని, సినిమాని వెనక్కి జరిపి పార్కింగు మీటింగు దగ్గర ఆపింది. అయిదు నిమిషాలు తియ్యాలి. నేను రెండో మీటింగు మొత్తం తీసెయ్యమన్నాను. మూడోది అంది. భోజనాల వేళయింది, వాళ్ళాయన వచ్చి టేబుల్ ఖాళీ చేస్తారా అని అడిగి, మా ఇద్దరి మొహాలూ చూసి, పళ్ళెం పట్టుకుని సోఫా వైపు వెళ్ళిపోయాడు.